గోల్ కాడ బిక్షమన్న

1942ల పంజాగుట్టతోని ఫుట్‌బాల్ ఫైనల్. అమీర్‌పేట కెప్టెన్ని నేను.

మా గోల్ కాడ నిలబడేది బిక్షమన్న. నలభై ఎనిమిదేండ్లు. పడుచు పోరగాండ్లు ఎంతమంది అడిగినా ఆ జాగ ఎవలికీ ఇయ్యలే. ఆయనుంటే గోల్ పడదని నా ధీమా.

ఆట మొదలైతదనంగ బిక్షమన్న నా చెయ్యి పట్టుకున్నడు.

"తమ్మీ, రెండేండ్ల సంది నాకు బంతి సక్కగ కానొస్తలేదు. తన్నిన సప్పుడు ఇని పట్టుకుంటున్న. జర నా ఎనుక లొల్లి కాకుండ చూడు, గంతే. ఇయ్యాల సుత ఒక్కటి పోనియ్య."

ఇంకొకన్ని నిలబెడుదామంటే, ఇన్నేండ్లల నేను ఎవన్నీ తయారు చెయ్యలే.

రెఫరీ విజిల్ ఊదిండు.

బిక్షమన్న గౌరవానికని నేనే పిలిపించిన పది డప్పులు గోల్ ఎనుక ఒక్కసారే మోగినయ్.