అగళి కత్తెలు

“పొద్దున్నే కత్తెలతో వస్తాండా అల్లుడూ. ఒకటి గాదు, నాలుగైదు. గట్టి తాళ్లు చూసి పెట్టుకో. వారం దినాల్లో నీ చేను సంగతి తేల్చి పారేస్తా.”

లోపల ఫోన్‌లో ఎర్రప్ప గొంతు వసారా దాకా వినబడింది. విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్న పుట్టమ్మ చెయ్యి చాటలోనే ఆగిపోయింది.

“రా మామా. మా అమ్మకు మాత్రం ఈ మాట తెలియనీయొద్దు,” అన్నాడు ఆమె కొడుకు వేణుమాధవ్, అలసిపోయిన గొంతుతో.

ఎర్రప్ప ఆమెకు వియ్యంకుడు. కన్నడసీమ అంచున ఉన్న అగళి మనిషి. ఆ పక్కవాళ్ల నోట్లో పడితే మాట కొంచెం వంకర పోతుంది. అయినా కత్తిని కత్తె అన్నంత మాత్రాన కోయకుండా ఉంటుందా?

పోయిన వారమే మామా అల్లుళ్లు మాటా మాటా అనుకున్నారు. “మూటల ఎరువు పోసి పోసి నేలను చంపినావు గదప్పా” అని ఆయన, “నా చేను, నా ఇష్టం” అని వీడు. ఆయన అన్నం ముట్టకుండా బస్సెక్కాడు.

“ఏమిరా, మీ మామ ఏమంటాండాడు?”

“ఏం లేదులేమ్మా. ఊరికే.”

“ఊరికే అయితే తాళ్లెందుకు?”

“నీకు అన్నీ భయమే. నా ప్రాణం తీయొద్దు పో.”

ప్రాణం అన్న మాటకే ఆమె చాట పక్కన పెట్టి లేచింది. కోడలు మంజులతను అడిగితే “నన్ను అడగొద్దత్తా” అని తల వంచుకుంది. మళ్లీ అడిగే ఓపిక పుట్టమ్మకు లేదు. వాన రాకుంటే భయం, వస్తే భయం, కొడుకు బండి ఆలస్యమైతే భయం. భయపడీ భయపడీ చాకిరేవు బండలా అరిగిపోయిన మనిషి. ఇంట్లో ఉన్న కొడవళ్లూ, మచ్చుకత్తీ, ఆఖరికి కత్తిపీట కూడా తీసుకెళ్లి గడ్డివామిలో దాచింది.

తెల్లవారింది. “పెనుకొండ దాటినారంట” అంటూ వేణు తాళ్లచుట్ట భుజాన వేసుకొని చేను దారి పట్టాడు. వెనకే మంజులత. వాళ్ల వెనకే పుట్టమ్మ. గట్టు ఎక్కగానే కొడుక్కి అడ్డంగా నిలబడి చేతులు చాచింది.

“ఇంటికి పోమ్మా, ఎండెక్కుతాంది.”

“పోను. నన్ను దాటినాకే నీ మీద చెయ్యి పడాల.”

“ఎవరి చెయ్యి? నీకేమన్నా అయ్యిందా?”

అంతలో దుమ్ము లేపుకుంటూ మినీ లారీ వచ్చి ఆగింది. ఎర్రప్ప దిగాడు. చేతులు ఖాళీగానే ఉన్నాయి.

“అన్నా, నీ కాళ్లు పట్టుకుంటా. వీడు చిన్నోడు, నోరు జారినాడు. అవి దించొద్దు.”

“దించకుంటే ఎట్ల చెల్లెమ్మా? హిందూపురం కాణ్నుంచి నిలబడే వస్తాండాయి, పాపం,” అంటూ ఆయన వెనక తలుపు తీశాడు.

చెవులు వేలాడేసుకొని ఒకదాని వెంట ఒకటి ఐదు గాడిదలు దిగాయి.

పుట్టమ్మ లారీ లోపలికి తొంగిచూసింది. “కత్తులు యాడ?”

“కత్తి కాదత్తా, కత్తె,” మంజులత ఆమె భుజం పట్టుకుంది. “మా అగళిలో గాడిదను కత్తె అంటారు.”

నిన్నటి నుంచి బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలింది పుట్టమ్మ. ఆ ఊపిరి పూర్తిగా వదలకముందే ఇంకో భయం పట్టుకుంది.

“గాడిదలు మన చేన్లోకి ఎందుకురా?”

“మామ చెప్పింది నిజమేమ్మా, నేల చచ్చింది. వారం దినాలు ఈడనే కట్టేస్తాం. లద్దె, ఉచ్చ నేలకు పడతాదని.” వేణు నేలచూపులు చూశాడు. “ముందే చెప్తే నువ్వు ఒప్పుకోవు గదా.”

“మా పక్క వక్కతోటలకు ఇంత బలమైన ఎరువు ఇంగోటి లేదు చెల్లెమ్మా,” అన్నాడు ఎర్రప్ప.

గట్టు మీద పడి ఉన్న ఖాళీ ఎరువు సంచి మీద కూలబడింది పుట్టమ్మ. తమ నల్లమాడ పక్క గొర్రెల మంద పెట్టిస్తారు, ఆవుపేడ తోలిస్తారు. గాడిద లద్దె పేరెత్తరు. పగవాణ్ణి శపించాలంటేనే ‘నీ చేన్లో గాడిదలు పొర్లా’ అంటారు.

“గాడిదలు పొర్లిన చేను మొలకెత్తుతాదా? సంవత్సరమంతా ఏం తినాలరా మనం?”

వేణు తాళ్లచుట్ట కింద పడేశాడు.

“మళ్లీ ఎక్కించెయ్ మామా. అమ్మ వద్దంటే వద్దు.”

ఎర్రప్ప మొహం మాడిపోయింది. లారీ వైపు తిరిగాడు.

పుట్టమ్మ తల పట్టుకుంది. కూర్చున్న సంచి మీద అరచేత్తో దబదబా కొడుతూ వాపోయింది. “దీనికంటే కత్తే నయం గదరా దేవుడా!”

ఎర్రప్ప గిరుక్కున వెనక్కి తిరిగాడు. మొహం చాటంత అయ్యింది.

“విన్నావా అల్లుడూ! సంచిలో ఎరువు కంటే కత్తె నయమని మీ అమ్మే అంటాండాది. ఇంక చూస్తావేమి, కట్టెయ్!”