ఆ కన్ను కాదు

ఇడ్రిస్ పొలం గేటు పక్కన గోడ మీద కూర్చున్న ముసలాయన గెథిన్‌ను ఆపాడు.

"కుక్కపిల్ల కోసమేనా, నాయనా?"

గెథిన్ తలూపాడు. ఆ కొండల్లోకి అతను వచ్చి నాలుగేళ్ళే, ఈ ముసలాయనను ఎప్పుడూ చూడలేదు. అతని పాత కుక్క చచ్చిపోయింది. కొండమీద మూడొందల గొర్రెలున్నాయి. కుక్క లేకుండా వాటిని కిందికి దించడం అతని తరం కాదు.

"దాని తల్లిదండ్రుల కళ్ళు చూశావా?"

గెథిన్‌కు నవ్వొచ్చింది. ఆ కొండల్లో కుక్కకు కన్నుందంటే, చూపుతోనే మందను కట్టిపడేస్తుందని అర్థం.

"ఇడ్రిస్ కుక్కల కన్ను సంగతి అడగాలా పెద్దాయనా? తల్లి చూసిందంటే పొట్టేలు కూడా కదలదు. తండ్రి గొర్రెలు తోలే పోటీల్లో కప్పు కొట్టింది."

"ఆ కన్ను కాదు. పశువుల డాక్టరు కళ్ళల్లోకి దీపం వేసి చూసి, జబ్బు లేదని ఇచ్చిన కాగితం అడుగు. రెండింటిదీ అడుగు."

ఆయన మోకాలికి ఒక నల్లకుక్క అతుక్కుని నిలబడింది. గెథిన్ చెయ్యి చాచినా అది అటు చూడలేదు.

చినుకులు పడుతున్నాయి. ముసలాయన గోధుమరంగు కోటు మాత్రం పొడిగా ఉంది. గెథిన్ అది చూశాడు గానీ పట్టించుకోలేదు.

ఇంట్లో ఇడ్రిస్ టీ పోసి, పిల్లను తెచ్చి ఒళ్ళో పెట్టాడు. కాగితం మాట గెథిన్ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అక్కడ పొరుగువాణ్ణి కాగితం అడగడమంటే, నువ్వు అబద్ధాలకోరువని మొహాన అనడమే. మర్యాదస్తుడు కదా, మింగేశాడు.

తిరిగి వస్తుంటే ముసలాయన పిల్లను చూసి నిట్టూర్చాడు. నోట్లో వేళ్ళు పెట్టి సన్నగా ఈల వేశాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

ఏ శిక్షణా లేని ఆ ఎనిమిది వారాల పిల్ల, గెథిన్ చేతుల్లో కదలకుండా పడుకుండిపోయింది.

"ఆగమని చెప్పే ఈల ఇది. ఇదైనా గుర్తుంచుకో," అన్నాడాయన.

గెథిన్ దానికి నెల్ అని పేరు పెట్టి ప్రాణంగా పెంచాడు. రెండేళ్ళు తిరిగేసరికి అది సాయంత్రాలు గేటు స్తంభానికి గుద్దుకోవడం మొదలుపెట్టింది. దుడుకుతనం అనుకున్నాడతను.

అక్టోబరులో గొర్రెలను దించేరోజు కొండంతా పొగమంచు. నెల్ ముందు, గెథిన్ వెనక.

ఉన్నట్టుండి ఈల వినిపించింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

నెల్ నేలకు కరుచుకుపోయింది. గెథిన్ కూడా ఆగాడు. ఈల వేసింది అతను కాదు.

నెల్ ముందు కాళ్ళ దగ్గరే నేల అయిపోయింది. అది పాత పలకరాళ్ళ క్వారీ అంచు. బూటు తగిలి జారిన రాయి అడుగుకు చేరడానికి చాలాసేపు పట్టింది.

ఎవరని కేక వేశాడు. నెల్‌ను అంచు నుంచి వెనక్కి లాక్కున్నాడు.

నెల్‌కు రెండు కళ్ళూ పోయాయని, ఆ జబ్బు తల్లిదండ్రుల నెత్తురులోంచే వచ్చిందని, ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పాడు. గెథిన్ దాన్ని ఎత్తుకుని ఏడ్చాడు. అలాగే ఎత్తుకుని ఇడ్రిస్ ఇంటికి వెళ్ళాడు.

"నీ గేటు దగ్గర కూర్చున్న ఆ ముసలాయన ముందే చెప్పాడు. నేనే వినలేదు."

"ఏ ముసలాయన?"

కోటు గురించి, నల్లకుక్క గురించి, క్వారీ అంచున ఆపిన ఈల గురించి చెప్పాడు గెథిన్. ఇడ్రిస్ గోడమీది ఫోటో తీసి అతని చేతికిచ్చాడు.

అదే కోటు. మోకాలికి అతుక్కుని అదే కుక్క.

"మా నాన్న," అన్నాడు ఇడ్రిస్. "నీ నెల్ తల్లీ తండ్రీ ఆ కుక్క మనవలే. దానికి చూపు పోయిందని తెలీక, మంచులో దాని వెనకే నడిచి ఆ క్వారీలో పడి చనిపోయాడు. పన్నెండేళ్ళయింది."