రెండో స్లైడు

"మా అవ్వ తలకాయకు ఒక్కటే గడ్డ తీసిండ్రు. మరి గీ రెండో స్లైడు ఎవలది మేడం?"

కరీంనగర్ ల్యాబ్‌లో వినోద నిలదీస్తే, డాక్టర్ నర్మద మైక్రోస్కోప్ మీంచి తలెత్తింది.

క్యాన్సర్ కాదు, చెమట గ్రంథి గడ్డేనని వారం కిందే చెప్పారు. క్యాన్సర్ కానప్పుడు అది ఏ కణంలోంచి పుట్టిందో ఇంకా వెతకడమెందుకు? వినోదకు అప్పుడే అనుమానం మొదలైంది. ఇప్పుడు ట్రేలో గడ్డ పొర అంటించిన గాజు స్లైడ్లు రెండు. అవ్వకు తెలియకుండా ఇంకెక్కడైనా కోశారా?

"ఏం దాస్తుండ్రు? చొప్పదండి నుంచి గిందుకే వచ్చిన. నిజం చెప్పేదాక కదల."

"మీ అవ్వది ఒక్కటే. గడ్డ ఏ కణాలకెల్లి లేసిందో రంగు వేసి పట్టుకుంటం. రంగు సక్కగ పడ్డదో లేదో తెల్వాలంటే, ముందే తెలిసిన గడ్డ ఒకటి పక్కన పెట్టాలె. రెండో స్లైడు గదే. రెండూ ఒక్క తీరుగనే ఉన్నయి, భయం లేదు."

"గా గడ్డ ఎవలదో, వాళ్లు బతికే ఉన్నరా?" వినోద ఇంకా నమ్మలేదు.

నర్మద తన చెవి వెనక జుట్టు పక్కకు తీసింది. అక్కడ సన్నటి కుట్ల గుర్తు ఉంది.

వినోద మెల్లగా కుర్చీలో కూర్చుంది. "అయితే ఇగ ఫికర్ లేనట్టేనా మేడం?"

"లేనట్టే," అంటూనే నర్మద రెండో స్లైడును మళ్లీ మైక్రోస్కోప్ కింద పెట్టింది. "అయినా ఎవలది సూడాలన్నా, ముందుగాల నాదే సూసుకుంట."