ఎలుక రాని ఇల్లు

ఎలుకలకు కూడా తనంటే గిట్టదేమో. లేకపోతే వీధిలో పదకొండిళ్ళు దూరి, పదకొండు వాషింగ్ మిషన్ల తీగలు కొరికి, ఈ ఒక్క గుమ్మం ఎందుకు తొక్కవు?

మిషన్ గుండ్రటి అద్దంలో బట్టలు తిరుగుతున్నాయి. ఆమె పీట మీద కూర్చుని చూస్తోంది.

నిరుడు ఊరికి రోడ్డు పడింది. పంటకు పట్నం ధర పలికింది. ఇంటింటికీ మిషన్ వచ్చింది. కాలువ గట్టున బట్టలుతికే రాళ్ళకు నాచు పట్టింది. అప్పట్నుంచీ ఆమెకు మాట్లాడటానికి మిగిలింది మిషనూ, భర్తా. ఇద్దరిలో మిషనే నయం. పనయ్యాక కూతైనా పెడుతుంది.

ఈ నెలలో ఎలుకలు పడ్డాయి. ఒక్కో ఇంట్లో మిషన్ మూలపడింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే మూటలు నెత్తిన పెట్టుకుని మళ్ళీ కాలువకు బయల్దేరారు. మళ్ళీ బట్టలు బాదే చప్పుడు, నవ్వులు. కిటికీలోంచి ఆమెకు ప్రతి జోకులోనూ చివరి సగమే వినిపించేది.

ఉండబట్టలేక మొన్న రెండు తువ్వాళ్ళు పట్టుకుని తనూ వెళ్ళింది.

“మహారాణిగారు దారి తప్పినట్టున్నారు,” అంది ఒకావిడ. “మీ ఇంటి ఎలుకలు మరీ బుద్ధిమంతులటగా.”

అందరూ నవ్వారు. ఈసారి జోకు మొత్తం విన్నా ఆమెకు అర్థం కాలేదు. తువ్వాళ్ళు తడపకుండానే ఇంటికొచ్చేసింది.

ఆ రోజే మిషన్ వెనక వేరుశనగ గింజలు చల్లింది. చీమలొచ్చాయి. భర్త సిమెంటు పెట్టి మూసిన కన్నాన్ని స్క్రూడ్రైవర్‌తో తవ్వింది. బల్లి వచ్చింది.

“ఊరంతా ఎలుకలే. మనింటికి రమ్మను చూద్దాం,” అని భర్త మీసం మెలేశాడు.

రమ్మనే కదా అంటున్నాను, అనుకుంది.

ఇక లాభం లేదు. లేచింది. మిషన్‌ను దాని మానాన తిరగనిచ్చి, ఖాళీ ఎలుకబోను చంకన పెట్టుకుని పక్కింటి తలుపు తట్టింది. ఏడాదిలో ఆ తలుపు తట్టడం ఇదే మొదలు.

“ఏమే, ఎండనపడి వచ్చావ్?” అంది పక్కింటావిడ.

“మీ ఇంట్లో ఎలుక ఉందిగా వదినా. ఒక్క రెండ్రోజులు ఇస్తావా? తీగ కొరకగానే తెచ్చిచ్చేస్తాను.”

పక్కింటావిడ బోను వంక చూసింది. ఆమె మొహం వంక చూసింది. చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, గడియ పెట్టి, గొంతు తగ్గించింది.

“ఎలుకేమిటే పిచ్చి మొద్దూ, మీ ఇంట్లో కత్తెర లేదా?”