తేటపడ్డ హౌజు

హౌసు వెనకాల హౌజు. హౌజు నిండా రోత.

నరేందర్ ముక్కుకు దస్తీ కట్టుకుని వంగి చూశాడు. నీళ్ళు నీళ్ళలా లేవు, కుడితిలా ఉన్నాయి. తడిసిన గోనెసంచీ, మురిగిన కోడిగుడ్డు పందెం వేసుకున్నట్టు ఒకటే కంపు. పైన ఒక ఎర్రచేప వెల్లకిలా తేలుతోంది. నిన్న ఒకటి పోయింది. ఆరింట్లో మిగిలినవి నాలుగు.

పరీక్ష కాగితం ముంచాడు. ఊదారంగుకు తిరిగింది. పీహెచ్ తొమ్మిదిన్నర. ఏడున్నర ఉంటే చాలు. అమీర్‌పేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుని బతికే మనిషికి ఈ వయసులో పీహెచ్ మీద పీహెచ్‌డీ చేసే యోగం పట్టింది.

చేపలు అతనివి కావు. తండ్రి ఆనందంవి. నలభై ఏళ్ళు జాకెట్లు కుట్టిన ఆనందం, పెరట్లో మంచమంత హౌజు కట్టించుకుని, మిషన్ ఆపేసిన దగ్గర్నుంచీ దాని గట్టు మీదే కాపురం పెట్టాడు. మనిషికి నీళ్ళంటే పిచ్చి, దిగాలంటే భయం. పుష్కరాలకు తీసుకెళ్తే ఒడ్డున కూర్చుని చెంబుతో పోసుకున్నాడు. నాకు ఈత రాదని అక్కడున్న పోలీసుకు సంజాయిషీ కూడా ఇచ్చుకున్నాడు.

ఆస్పత్రిలో కొడుకు చెయ్యి పట్టుకుని అతను ఆఖరున అడిగింది ఇంటి సంగతి కాదు, ఇల్లాలి సంగతీ కాదు.

"చేపలు పైలం బిడ్డా."

నరేందర్ మాటిచ్చాడు. మాటిచ్చి నెల తిరగలేదు, చేపలు తిరగబడుతున్నాయి.

పదకొండో రోజున పెరట్లోనే దినం వంటలయ్యాయి. మర్నాడు నరేందర్, శ్మశానం నుంచి తెచ్చి జామకొమ్మకు కట్టిన ముంత విప్పుకుని కాళేశ్వరం వెళ్ళి, గోదావరిలో కొడుకుగా చేయాల్సింది చేసి వచ్చాడు. వచ్చేసరికి హౌజు ఇలా తగలడింది.

పంజాగుట్టలో చేపల దుకాణం నడిపే రాబిన్, సీసాలో తెచ్చిన నీళ్ళు చూసి మొహం చిట్లించాడు.

"సిమెంటో, సున్నమో, పొయ్యిల బూడిదో, ఏదో ఒకటి పడ్డదన్న. పటిక ఏసి చూడు. తేటవడకుంటే అడుగు మొత్తం గీకెయ్యాలె."

పొయ్యి అనగానే నరేందర్‌కు వంట సురేందర్ గుర్తొచ్చాడు. కట్టెల పొయ్యిలు పెట్టింది హౌజు పక్కనే. ఫోన్ చేసి నీళ్ళు లేకుండానే కడిగేశాడు. సురేందర్ ఒట్టు మీద ఒట్టు పెట్టుకున్నాడు.

"గంజులు తోమనీకి చూస్తే పొయ్యిల బూడిదే లేదన్న. ఎవరో మొత్తం ఎత్తిండ్రు."

ఎత్తినవాళ్ళు ఎక్కడ పోశారో హౌజే చెబుతోంది కదా. నరేందర్ వంటవాడి వంశాన్నంతా అందులో ముంచి తీశాడు.

పటిక వేశాడు. తెల్లారేసరికి తేటపడేది. ఒక్క చేప తోకాడిస్తే చాలు, అడుగునున్న తెల్లటి మడ్డి లేచి మళ్ళీ మజ్జిగ.

అంతకన్నా అతన్ని విసిగించింది తల్లి. కాంతవ్వ పొద్దున్నే ఆ కంపులోనే గట్టు మీద కూర్చుని చాయ్ తాగేది. పక్కన ఇంకో కప్పు పెట్టుకునేది. దాన్ని ఎవరూ తాగరు, ఈగలు ఈదేవి. ఆ పాడు నీళ్ళలో చెయ్యి ఆడిస్తూ చేపలతో ముచ్చట్లు. అదే చేత్తో బిస్కెట్టు. చూస్తుంటేనే నరేందర్‌కు డోకొచ్చేది. నీళ్ళు తోడేద్దామంటే అడ్డం పడేది.

"ముట్టకు బిడ్డా. అదే తేటవడ్తది."

"చేపలు సస్తున్నయమ్మా. నాయనకు మాటిచ్చిన."

"మీ నాయన ఏమనుకోడు తియ్."

ఆదివారం ఆమెను ఎస్.ఆర్. నగర్‌లో అక్క ఇంటికి పంపించాడు. హౌజు ముట్టనని నెత్తి మీద చెయ్యి పెట్టించుకుని గానీ ఆమె ఆటో ఎక్కలేదు. ఆటో మలుపు తిరిగింది. నరేందర్ మోటారు తిప్పాడు.

నాలుగు చేపల్నీ డ్రమ్ములోకి మార్చాడు. కొద్దికొద్దిగా మంచినీళ్ళు కలుపుతూ వాటిని తేరుకోనిచ్చాడు. ఈలోగా తెల్లటి నీళ్ళన్నీ పైపులోంచి గల్లీ మోరీలోకి పోయాయి. పీడ విరగడైందనుకుంటూ మోరీ దాకా వెళ్ళి మరీ సాగనంపాడు.

అడుగున వేలెడు మందాన మడ్డి. పారతో గీకుతుంటే తెల్లటి ముక్కలు తగిలాయి. దినానికొచ్చిన చుట్టాలు మటన్ చీకి ఉమ్మిన బొక్కలు. "థూ" అన్నాడు నరేందర్. ఏడవటానికొచ్చిన మొహాలేనా ఇవి అనుకున్నాడు. మొహం పక్కకు తిప్పుకుని, రెండు వేళ్ళతో ఒక్కొక్కటీ ఏరి బకెట్లో వేశాడు. చెత్త ఆటోవాడు ఈ రొచ్చు నా బండిలో వద్దంటే, బతిమాలి ఎక్కించాడు. గోడలు బ్రష్షుతో తోమాడు. తర్వాత మూడుసార్లు సబ్బు రుద్దుకుని స్నానం చేశాడు. తండ్రి పోయిన రోజున కూడా అన్నిసార్లు చేయలేదు.

సాయంత్రానికి హౌజు అద్దం. పీహెచ్ ఏడున్నర. మోచేతి లోతు నీళ్ళలో అడుగు గచ్చు మీది పగుళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. నాలుగు చేపలూ ఎర్రెర్రగా, ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాయి. నరేందర్ దస్తీ విప్పి, ఇన్నాళ్ళకు గుండె నిండా గాలి పీల్చాడు. ఇచ్చిన మాట నిలబడింది.

కాంతవ్వ వచ్చింది, చేతిలో బిస్కెట్టు పొట్లంతో. గట్టు దగ్గర ఆగిపోయింది.

"సూడమ్మా, రోత మొత్తం వోయింది" అన్నాడు నరేందర్.

ఆమె కూర్చుంది. నీళ్ళలో చెయ్యి పెట్టి ఈ మూల నుంచి ఆ మూల దాకా అడుగు తడిమింది. చెయ్యి తీసి, శుభ్రంగా ఉన్న వేళ్ళను చూసుకుంది.

"కాళేశ్వరంల నువ్వు కలిపింది వంటోని పొయ్యిల బూడిద బిడ్డా, ఈతరాని మీ నాయనను నేను ఈ చేపల కాడనే పెట్టుకున్న."