మూడో అంకం పాట

"ఇంకొక్క వన్స్ మోర్ తీసుకున్నారంటే నేనే స్టేజీ మీదికొచ్చి మీ నోరు మూస్తాను బువా," అంది ప్రమీల.

విశ్రాంతి సమయం. మేకప్ గదిలో వామన్‌బువా తలపాగా ఒళ్ళో పెట్టుకుని వేడి పాలు ఊదుకుని తాగుతున్నాడు.

"జనం నోరు తెరిచి అడుగుతుంటే కాదని ఎట్లా అనను వదినా?"

"జనం ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటారు. పోటీలో ఉన్నది మనం. మొదటి రెండు అంకాల్లోనూ అడిగినవాడికల్లా తిరగపాడారు. ఇక ఒక్క పాట రెండోసారి అందుకున్నా టైము దాటిపోతుంది. దాటితే మార్కులు తగ్గించడం కాదు, పేరే కొట్టేస్తారు. ఆ జడ్జి దీక్షిత్ గారు వాచీ బల్లమీద పెట్టుకుని మరీ కూర్చున్నారు."

"సరే, చెవులు మూసుకుని పాడతాలే."

"ఒట్టు వెయ్యండి."

బువా నటరాజు ముందున్న కొబ్బరికాయ మీద చెయ్యి పెట్టాడు. "ఒట్టు. చాలా? పోనీ పాలల్లో ఇంకాస్త చక్కెర వేయిస్తారా?"

ప్రమీలకి సగమే నమ్మకం కుదిరింది. 'సంగీత మేఘావళి' నాటకాన్ని సాంగ్లీలో ఆడి యాభై ఏళ్ళు దాటింది. తనే పాటల వరసలు గుర్తున్న ముసలమ్మల ఇళ్ళ చుట్టూ తిరిగి, వాళ్ళకి తోచినప్పుడు పాడింది పట్టుకుని, బ్యాంకు గుమాస్తాలనీ టీచర్లనీ పోగుచేసి నిలబెట్టింది. ఇక్కడ గెలిస్తే ముంబయిలో ఆడొచ్చు. గెలవకపోతే వచ్చే ఏటినుంచి హాస్యనాటకాలే వేద్దామని వాళ్ళ నాటక మండలి అప్పుడే తీర్మానించేసింది.

మూడో అంకం మొదలైంది. పీష్వాల కాలపు చెరసాల. తెల్లవారితే నాయకుడికి ఉరి. చేతులకి సంకెళ్ళతో బువా పాట అందుకున్నాడు. పక్క తెర వెనక నాయిక మంజిరి, తొమ్మిది గజాల చీరలో, క్షమాభిక్ష ఉత్తర్వు పట్టుకుని సిద్ధంగా నిలబడింది. పాట అయిపోగానే పరుగెత్తుకెళ్ళి అతన్ని బతికించాలి.

పాట అయిపోయింది. హాలంతా సూది పడితే వినపడేట్టుంది. ప్రమీల మంజిరి వీపు మీద చెయ్యి వేసింది. "పద."

"వన్స్ మోర్!"

చీకట్లోంచి ఒక బొంగురు గొంతు. బువా పక్క తెర వైపు చూశాడు. ప్రమీల రెండు చేతులూ జోడించి తల అడ్డంగా ఊపింది. బువా కళ్ళు దించుకున్నాడు. ఒట్టు గుర్తున్నట్టే ఉంది.

"వన్స్ మోర్ బువా! ఆ రెండో చరణం నుంచీ!"

రెండో చరణం పేరెత్తేసరికి బువా మొహం వెన్నలా కరిగిపోయింది. ప్రమీల ఆర్గన్ వాయించే పేండ్సేకి చెయ్యి అడ్డంగా ఊపి చూపించింది. పేండ్సే కళ్ళు మూసుకుని అప్పటికే శ్రుతి పట్టేశాడు.

"నువ్వెళ్ళు మంజిరీ! పాట మధ్యలోనే వెళ్ళు!"

మంజిరి ఉత్తర్వు పైకెత్తి స్టేజీ మీదికి పరుగెత్తింది. "మహారాజు మిమ్మల్ని..."

"ఏయ్ పిల్లా, ఆగు! పాట కానీ!" అంది బొంగురు గొంతు. హాలంతా వంత పాడింది. మంజిరి ఎంత వేగంగా వెళ్ళిందో అంత వేగంగా వెనక్కి వచ్చేసింది. "నా వల్ల కాదు ప్రమీలాతాయీ. ఆయన చావడానికే సిద్ధంగా ఉన్నాడు."

ప్రమీల తెర తాడు దగ్గరికి పరుగెత్తింది. "మారుతీ, తెర దించెయ్!"

మారుతి భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. "పాట మధ్యలో తెరా? మీరు తిట్టండి, కొట్టండి, నా చేతులు మాత్రం రావు తాయీ."

తాడు తనే పట్టుకుని లాగింది. అది ఆమె బలానికి లొంగేది కాదు. అక్కడే పెట్టె మీద కూలబడింది. స్టేజీ మీద బల్లెం పట్టుకున్న కాపలాభటుడు కాళ్ళు మార్చుకుంటున్నాడు. బువా ప్రతి చరణాన్నీ తిప్పి, మళ్ళీ తిప్పి, కొత్తగా అలంకరించి పాడుతున్నాడు. ఇన్ని రిహార్సల్స్‌లో ఒక్కనాడూ అంత బాగా పాడలేదు. అదే ఆమెకి ఇంకా ఏడుపు తెప్పించింది. పాట ముగిసిన ప్రతిసారీ అదే గొంతు, "వన్స్ మోర్!"

ఖైదీ బతికి బయటపడేసరికి స్టేజీ అంచున టైము అయిపోయిందని చెప్పే ఎర్ర దీపం ఎప్పుడో వెలిగిపోయింది.

మేకప్ గదిలో అందరూ మొహాలకున్న రంగు తుడుచుకుంటున్నారు. బువా సంకెళ్ళు కూడా తీయకుండా మూల నిలబడ్డాడు. "తిట్టండి వదినా. అంతకంటే పెద్ద శిక్ష వేసినా సరే."

తిట్టడానికి ఆమెకి ఓపిక లేదు. ఇంతలో దీక్షిత్ గారు లోపలికొచ్చారు. మొహంలో నవ్వన్నది లేదు.

"మీ నాటకాన్ని పోటీలోంచి తీసేశాం. సంతకం కూడా చేసి వచ్చాను," అన్నారు గుసగుసగా, ఎవరో పోయిన ఇంట్లో మాట్లాడినట్టు.

"సార్, మా తప్పు కాదు," అంది ప్రమీల. "ఎవడో తలమాసినవాడు హాల్లో కూర్చుని అదే పనిగా అరిచాడు. వాడి మూలాన..."

"ఎవరు అరిచినా సమయం సమయమేనమ్మా. నాకు వేరే దారి లేదు."

ఆయన వెళ్ళలేదు. తలుపు దగ్గరికి నడిచి, బయట ఎవరూ లేరని చూసుకుని, లోపలినుంచి గడియ పెట్టారు. కోటు విప్పి కొక్కేనికి తగిలించారు. మేకప్ పెట్టె మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, తొడ మీద తాళం మొదలుపెట్టి, ఇందాక హాలంతా మోగిన ఆ బొంగురు గొంతుతోనే అన్నారు:

"ఊఁ, కానివ్వండి బువా! వన్స్ మోర్!"