గోడ మీద వాన

ప్రెసిడెంటు రామబ్రహ్మం బడి ఆవరణలోకి వస్తూనే సీసాను కాలితో తన్నాడు. అయిదో తరగతి పిల్లలు వాన కొలవడానికి గరాటు బిగించి, పక్కన స్కేలు కట్టి నిలబెట్టుకున్న సీసా అది. భళ్లున పగిలింది.

"ఏంది పంతులమ్మా ఇది?" అంటూ గోడ వైపు చెయ్యి చూపించాడు.

నల్లరంగు వేసిన గోడ మీద సుద్దతో జూలై, ఆగస్టు 1986 అని రాసి, కింద తేదీలు, ఒక్కో తేదీ ఎదురుగా ఆ రోజు పడిన వాన, మిల్లీమీటర్లలో. నలభై రోజులకు నలభై సున్నాలు. చినుకు పడితేగా ఇంకేమైనా రాయడానికి.

"వాతావరణం పాఠమండీ. పిల్లలు రోజూ పొద్దున్నే కొలిచి రాస్తున్నారు," అంది అబిదా టీచర్.

రామబ్రహ్మానికి ఒళ్లు మండిపోయింది. మెట్ట పొలాలు బీటలిచ్చాయి. మేత లేక గొడ్లు డొక్కలెగరేస్తున్నాయి. ఊరికి కరువు గడ్డి ఇప్పించమని ఆఫీసుల చుట్టూ తిరిగి ఆయన చెప్పులరిగాయి. గడ్డీ రాలేదు, వానా రాలేదు. ఆ కోపం ఆఫీసర్ల మీద చూపించలేడు కదా, బడి మీద చూపించాడు.

"ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం గానీ లేవంటామా? లేదు, లేదు అని గోడకెక్కిస్తే వానెందుకొస్తది? పొద్దున్నే లేచి ఊరికి సున్నా చుడుతున్నావు. చెరిపెయ్."

కొలిచిందే రాశామని, చెరపనని అంది అబిదా. అయితే రేపటికల్లా బదిలీ కాగితం చేతిలో ఉంటుందన్నాడు. ఆమెకు ఉద్యోగం వచ్చి ఆరు నెలలే. అయినా గోడ దగ్గర్నుంచి కదల్లేదు. ఆయన వెంట వచ్చిన వాళ్లు ఆమెను తప్పించి తడిగుడ్డతో సున్నాలన్నీ తుడిచేశారు. లెక్కలు రాసుకున్న నోటుబుక్కును రామబ్రహ్మమే చింపి పాడుబావిలో పారేశాడు. ముందు వరసలో సాబిరా ఏడుపు లంకించుకుంది. ఆ పుస్తకంలో రాత అంతా ఆ పిల్లదే.

అంతటితో వదల్లేదు ఆయన. సుద్దముక్క లాక్కుని తేదీల ఎదురుగా శుభమైన అంకెలు వేసుకుంటూ పోయాడు. పదహారు, ఇరవై ఒకటి, యాభై ఒకటి. నిన్నటి తేదీకి ఏకంగా నూట పదహారు వేసి, ఇప్పుడు రాకేం చేస్తదో చూస్తానన్నాడు.

ఆ మాట ఇంకా పూర్తి కాలేదు, జీపొచ్చి ఆగింది. మండలాఫీసు అధికారి దిగాడు. రామబ్రహ్మం పరుగున ఎదురెళ్లి, చుక్క వాన లేదని, గొడ్లు చస్తున్నాయని, గడ్డి ఇప్పించి పుణ్యం కట్టుకోమని చేతులు జోడించాడు.

"చుట్టుపక్కల ఊళ్లలో నాలుగు జల్లులు పడ్డాయి. మీ ఊళ్లో పడలేదనడానికి రుజువు కావాలి. ఈ బడిలో రోజూ కొలిచి రాస్తారని విన్నాను, అందుకే వచ్చా," అంటూ అధికారి గోడ దగ్గరికి నడిచాడు.

రామబ్రహ్మం సుద్ద చేతులు వెనక్కి దాచుకున్నాడు. ఏదైనా చెప్పమన్నట్టు అబిదా వైపు చూశాడు. ఆమె పగిలిన గాజుముక్కలు ఏరుకుంటోంది.

అధికారి అంకెలన్నీ ఓపిగ్గా తన ఫైల్లోకి ఎక్కించుకుని, ఆఖరి దాని దగ్గర కళ్లజోడు సర్దుకున్నాడు. ఫైలు మూసేశాడు.

"మీ ఊరికి పంపాల్సింది గడ్డి కాదు ప్రెసిడెంటు గారూ, పడవలు."